చెప్పకూడని మొక్కు

"నా బ్లేడు ఎవరు తీసినారు?"

బాత్రూములోంచి చేతన్ అరిచిన అరుపుకి, వంటింట్లో రాగిపిండి జల్లిస్తున్న సొన్నమ్మ చెయ్యి ఆపకుండానే జవాబిచ్చింది. "ఎవరు తీస్తారప్పా? ఈ ఇంట్లో గడ్డం ఉండేది నీకొక్కనికే కదా."

చేతన్ సగం ముఖాన నురగతో, గదవ కింద సన్నటి నెత్తుటి గీతతో బయటికొచ్చాడు. ఆకుకూర ఒలుస్తున్న భార్య ముందు నిలబడి రేజరు చూపించాడు. "నిన్ననే వేసినా కొత్తది. మొద్దు పోయుండాది. దేనికి వాడినావు?"

"కుట్లు విప్పేదానికి," అంది సహన తలెత్తకుండా.

"ఇంట్లో కత్తెర లేదా?"

"కత్తెర పెడితే కుట్టుతో పాటు గుడ్డ కూడా తెగుతాది బావా."

"ఓహో. నా మొగం తెగినా పర్వాలేదు, గుడ్డకి మాత్రం ఏమీ కాకూడదు!"

"ఒక్క బ్లేడుకి ఇంత గలాటానా?" అంది సొన్నమ్మ. "మీ నాయన ఒక బ్లేడుతో నెలంతా గీసుకునేవాడు. నన్ను ఒక్క మాట అన్లేదు."

"అందుకే ఆయన గడ్డం పెంచేసినాడు," అన్నాడు చేతన్.

సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ చిన్ని పుస్తకం దించి చూసింది. "నాన్నా, నువ్వు ఈ పక్క తాత, ఆ పక్క నాన్న!" అని పకపకా నవ్వింది. చేతన్‌కి నవ్వు రాలేదు. అదే ఆఖరి బ్లేడు. సగం గడ్డం మీద తువ్వాలు కప్పుకుని, చెప్పులు టపటపలాడిస్తూ వీధి చివర కొట్టుకి వెళ్ళాడు. రెండో శనివారం, సెలవు రోజు, అట్లా మొదలైంది.

"అత్తా, కాసేపు నడుం వాలుస్తా," అంది సహన.

"పో తల్లీ, పో. ఒక్కపొద్దు నాడు నీరసంగానే ఉంటాది. ఆకుకూర సారు పెట్టి రాగిముద్ద నేను తొలుపుతాను," అంది సొన్నమ్మ. ఆమె మొగుడి తల్లే కాదు, సొంత మేనత్త. సహన నాన్నకి అక్క. ఆ గొంతులో పుట్టింటి మెత్తదనం ఉంటుంది. ఆ మెత్తదనం ఈమధ్య సహనకు ముల్లులా తగులుతోంది.

గది తలుపు దగ్గరగా వేసి, దుప్పట్ల మడతల కింద నుంచి జాకెట్టు తీసింది. చిలకపచ్చ పట్టు, చేతుల అంచున జరీ, వీపున రెండు నెమళ్ళు. పదేళ్ళ కిందట పెళ్ళికి కుట్టినప్పుడు దర్జీ, లోపల రెండు పక్కలా గుడ్డ వదిలి, అంచు కుట్టు కాకుండా కొంచెం కొంచెం ఎడంగా నాలుగు వరసల కుట్టు వేసి ఇచ్చింది. అందరికీ అట్లే ఇస్తారు. ఆడమనిషి ఒక్క కొలతలో ఉండిపోదని దర్జీలకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు కాబోలు. మొదటి వరస పెళ్ళయిన ఏడాదికే విప్పింది. నవ్వుకుంటూ విప్పింది, మా అమ్మ చేతి ముద్ద ఒంటబట్టిందని చేతన్ కూడా నవ్వాడు. రెండోది చిన్ని పుట్టాక, పాలు ఇస్తున్న రోజుల్లో, దాని గురించి ఆలోచించే తీరిక కూడా లేకుండా. మూడోది ఎవరి పెళ్ళికో, తలుపు గడియ పెట్టుకుని. నాలుగోది, ఆఖరిది, నిన్న సాయంత్రం ఆ బ్లేడుతో ఒక్కో పోగూ తెంపుతూ. ఇప్పుడు చేతులు దూర్చి చూసింది. భుజాలు పట్టాయి. ముందు హుక్కులు మాత్రం రెండు వేళ్ళ దూరాన ఆగిపోయాయి. ఊపిరి పీల్చి పట్టుకుంటే ఒక వేలు. ఊపిరి పట్టుకుని ఎంతసేపు నవ్వగలదు మనిషి? "ఇంక లోపల గుడ్డ లేదక్కా," అని టైలర్ సుజాత ముందే చెప్పింది. "చంకల కింద వేరే ముక్క వెయ్యాల. అదే రంగు దొరికినా, చెయ్యెత్తితే కనబడతాది." చెయ్యెత్తకుండా ఉండడానికి లేదు. శుక్రవారం రెండు చేతులూ ఎత్తాలి.

శుక్రవారం పెళ్ళిరోజు, పదోది. చేతన్ ఫ్యాక్టరీలో ఎవరో చేయించుకున్నారట: అదే చీర, అదే పంచె, అట్లే నిలబడి, పెళ్ళినాటి ఫొటో పక్కన ఈనాటి ఫొటో. చేతన్ ఎంచుకున్నది తలంబ్రాల ఫొటో. ఇద్దరి చేతులూ పైకెత్తి ఉంటాయి, దోసిళ్ళలోంచి బియ్యం జారుతుంటుంది, ఇరవై నాలుగేళ్ళ సహన నోరంతా తెరిచి నవ్వుతుంటుంది. ఫొటోలు తీసే ప్రసాద్‌కి చెప్పేశాడు, చుట్టాల గ్రూపులో పెట్టేశాడు. ఏమంటావు అని అడిగినప్పుడు సహన వెంటనే సరే అంది. ఆలస్యం చేస్తే ఎందుకని అడుగుతాడు, అడిగితే చెప్పాలి, చెప్పడానికి కావలసిన మాటలు ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య ఎవరూ పుట్టించలేదు. పాలు పొంగుతున్నాయి, చిన్నికి జ్వరం, గ్యాసు అయిపోయింది, ఇట్లాంటివి చెప్పుకోవడానికి మాటలున్నాయి. నీ కళ్ళకి నేనెట్లా ఉన్నాను అని అడగడానికి లేవు.

అయినా ఇది ఆ ఫొటో సంగతితో మొదలవలేదు. అంతకు ముందు ఒక ఆదివారం, భోజనాలయ్యాక ఇదే మంచం మీద చేతన్ పడుకుని ఫోనులో పాత ఫొటోలు తిప్పుతున్నాడు. ఆమె పక్కనే కూర్చుని బట్టలు మడుస్తోంది. ఒక దగ్గర అతని వేలు ఆగింది. "ఎట్లుండేదానివే నువ్వు!" అన్నాడు. తిట్టు కాదు. ఎగతాళి కూడా కాదు. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, సహన చేతిలో చొక్కా అట్లాగే ఉండిపోయింది. ఆ గొంతు విని ఎన్నేళ్ళయింది? అది ఆమెతో అన్న మాటే, ఆమె గురించి అన్న మాటే, కానీ ఆమె వైపు తిరిగి అన్న మాట కాదు. ఫోనులో ఉన్న పిల్ల వైపు చూసి అన్నాడు. ఆ పిల్ల సన్నటి నడుము, గట్టి చేతులు, గదవ కింద ఏ మడతా లేని మెడ. ఇంకొక ఆడదైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు. తన సవతి తన ఫొటోయే అయితే ఎవరితో పోట్లాడాలి? చొక్కా మడిచి, కాలరు సరిచేసి, బీరువాలో పెట్టింది. అతను ఇంకో ఫొటోకి వెళ్ళిపోయాడు.

పైన ఎయిర్‌ఫోర్సు వాళ్ళ చిన్న విమానం గిర్రున తిరిగి వెళ్ళింది, కిటికీ అద్దం సన్నగా అదిరింది. వంటింట్లో వెల్లుల్లి చిటపటమంది. ఆ వాసన తలుపు సందులోంచి వచ్చి నేరుగా నాలుక కిందకి చేరింది, నోట్లో నీళ్ళూరాయి. సహన మింగింది. ఆకలికి ఒక పద్ధతి ఉంటుందని ఈ రెండు నెలల్లో తెలుసుకుంది. పదింటికి కోపంగా వస్తుంది, పదకొండుకి బతిమాలుతుంది, పన్నెండు దాటితే అలిగి వెళ్ళిపోతుంది. అలిగి వెళ్ళాక ఒళ్ళు తేలికగా, ఖాళీగా, ఊడ్చిన ఇల్లులా ఉంటుంది. ఆ ఖాళీ ఆమెకు మొదట్లో నచ్చింది కూడా. తను ఒక పని చేస్తోంది, ఎవరికీ తెలియకుండా, గట్టిగా.

చేతన్‌ది పీణ్య ఫ్యాక్టరీల పేటలో నాణ్యత చూసే పని. పెళ్ళయిన కొత్తలో ఆయుధపూజకి ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి చూపించాడు. మిషన్లకి పూలమాలలు, గుమ్మడికాయలకి కుంకుమ. అతని బల్ల మీద ఒక ఉక్కు రింగు. "పీసు దీంట్లో దూరితే పాసు. దూరకుంటే ఎర్ర డబ్బాలో వెయ్యడమే," అన్నాడు. ఎర్ర డబ్బాలోంచి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తళతళలాడుతున్న ముక్క. తిప్పి తిప్పి చూసింది. "దీనికేమైంది బావా? బాగానే ఉంది కదా." "నీ కంటికి తెలీదులే, వెంట్రుకలో పదో వంతు ఎక్కువుండాది," అని గర్వంగా నవ్వాడు. ఆ నవ్వు చూసి అప్పుడు ఆమెకీ గర్వం వేసింది, ఇంత సూక్ష్మమైన కన్ను ఉన్నవాడు నన్ను ఎంచుకున్నాడని. ఇప్పుడు ఆ కన్ను గుర్తొస్తే పైట సర్దుకోబుద్ధవుతుంది. అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మామూలుగా చూసినా సరే, ఆమె పక్కకి తిరుగుతుంది, చేతిలో ఏదో ఒకటి పట్టుకుంటుంది, చేట, బుట్ట, తడిబట్టలు, నడుముకి అడ్డంగా.

దీపం ఆర్పాక కూడా అంతే. ఎప్పటినుంచి ముందు దీపం ఆర్పడం మొదలైందో, ఆర్పినది ఎవరో గుర్తు లేదు. చీకట్లో పక్కన పడుకుని కడుపు లోపలికి లాక్కుని ఉంటుంది. కాన్పు కోత దగ్గర మడత పడిన చర్మం అతని చేతికి తగలకూడదని ఒకవైపుకే ఒత్తిగిలుతుంది. ఒకప్పుడు అతని చెయ్యి నిద్రలో కూడా వెతుక్కుంటూ వచ్చి నడుం మీద పడేది. ఇప్పుడు వస్తే భుజం దాకా వచ్చి ఆగుతుంది. ఆ చెయ్యి దారి మార్చుకుందా, తనే దారి మూసిందా? అతను దగ్గరికి తీసుకున్న రోజున కూడా ఆమె మనసంతా లెక్కలే, ఇక్కడ తగిలాడు, ఇప్పుడు ఇక్కడ తగులుతాడు, ఊపిరి వదలకూడదు. అయిపోయాక అతను అటు తిరిగి పడుకుంటే ఆమె మెల్లగా ఊపిరి వదులుతుంది. పదేళ్ళు కాపురం చేసిన మనిషి పక్కన నీళ్ళలో మునిగినదానిలా ఊపిరి బిగబట్టి బతకడం ఎవరికి చెప్పుకుంటే అర్థమవుతుంది?

అతనికీ ఒకటుంది. కొబ్బరినూనె సీసా వెనకాల చిన్న డబ్బా, నల్లటి పొడి, నడినెత్తిన జుట్టు పలచబడిన చోట చల్లుకునేది. దిండు గలీబులు ఉతికేది సహనే కాబట్టి ఆమెకి ఏడాదిగా తెలుసు. ఒక రోజు అలవాటుగా తల నిమరబోతే చటుక్కున తల పక్కకి లాక్కున్నాడు. "చెమటగా ఉండాది, తాకద్దు," అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత మళ్ళీ చాచలేదు. నాకు నీ జుట్టుతో పనేముంది బావా అని అనాలని ఎన్నిసార్లో అనుకుంది. అంటే డబ్బా చూసినట్టు తెలిసిపోతుంది. అతను సిగ్గుపడుతుంటే చూడడం తన వల్ల కాదు. ఇట్లా ఒకరి సిగ్గు ఒకరు కాపాడుకుంటూ, ఒకే మంచం మీద, ఒకరినొకరు ముట్టుకోకుండా బతకడం వాళ్ళకి అలవాటైపోయింది. అతను కూడా ఆ పంచె కట్టుకుని పాత ఫొటో పక్కన నిలబడాలనుకుంటున్నాడంటే, తలంబ్రాల నాటి తన జుట్టు కోసమేనేమో. అడిగితే తెలిసేది. అడగలేదు.

ఒక్కపొద్దు సంగతి మాత్రం పూర్తిగా తన నేరమే. ఫొటో ఖాయమైన వారంలో ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె కంచం ముందు కూర్చోలేదు. "ఏమే, తినవా?" అంది సొన్నమ్మ. నోటికొచ్చింది: "ఒక్కపొద్దు అత్తా." అంతే. ఇంకే అబద్ధమూ ఆడాల్సిన పని పడలేదు. మొక్కు దేనికని ఎవరూ అడగరు. బయటికి చెబితే ఫలించదని ఆడవాళ్ళందరికీ తెలుసు కాబట్టి, సొన్నమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని, "చెప్పొద్దు, చెప్పొద్దు" అని తనే వారించింది. ఇంతకంటే భద్రమైన చోటు దొరుకుతుందా దాక్కోవడానికి? సోమవారం, శనివారం, పగలంతా ఏమీ లేదు, దీపం పెట్టాక రెండు అరటిపండ్లు. అయితే అడగకపోయినా అత్త ఊహించుకుంది. పై పోర్షను రామక్కతో మెట్ల దగ్గర గుసగుసలాడింది, "చిన్నికి తొమ్మిదేండ్లు, రెండోదానికి మొక్కుకునుండాది పాపం, చెప్పదు." సహన బట్టలారేస్తూ విన్నది. కాదు అని మెట్లు దిగి చెప్పొచ్చు. దిగలేదు. మర్నాడు దేవుడి గూట్లో పసుపుగుడ్డలో ముడుపు కనిపించింది. ఆ తర్వాత శనివారం సొన్నమ్మ కూడా కంచం పెట్టుకోలేదు. "ఇద్దరం పడితే దేవునికి తొందరగా వినపడతాది," అంది. అరవై ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగరు. "నీకెందుకత్తా, వద్దు," అని సహన గట్టిగానే అంది, కాని అనాల్సింది అది కాదని అంటున్నప్పుడే తెలుసు. అట్లా నాలుగు శనివారాలు. ఇది ఐదోది.

చిన్నప్పుడు వేసవి సెలవులకి అత్త ఊరు బాగేపల్లి వెళితే ఇదే అత్త ఎదురు కూర్చోబెట్టుకునేది. "పుల్ల మాదిరి ఉండావు, మా తమ్ముడు నీకేం పెట్టడం లేదా?" అని ముద్ద తుంచి, సారులో ముంచి, నోట్లో పెట్టేది. నమలొద్దు, మింగు, అనేది. వెచ్చగా గొంతులోంచి దిగి కడుపులో కూర్చునేది. అప్పుడు తన ఒంటి గురించి తనకి తెలిసిందల్లా ఆకలి, నిద్ర, పరుగు. అద్దం చూసుకునేది బొట్టు సరిగా ఉందా అనే. ఆ పిల్ల ఎప్పుడు పోయింది? ఫొటోలో పిల్ల కాదు, దానికంటే ముందు పిల్ల...

వంటింట్లో చప్పుడు ఆగింది.

సంగటి కట్టె గిన్నె అంచుకి తగిలే చప్పుడు, ఇంతసేపూ గోడ గడియారంలా వినబడుతున్నది, మధ్యలో ఆగింది. ముద్ద తొలిపేటప్పుడు మధ్యలో ఎవరూ ఆపరు, ఉండలు కడుతుంది. సహన జాకెట్టు లాగి పారేసి, పాతది తగిలించుకుని పరిగెత్తింది.

సొన్నమ్మ పొయ్యి గట్టుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. "ఏమీ లేదే. కండ్లు తిరిగె."

"పొద్దున మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. మాత్రేమన్నా తిండా, దాంతో ఒక్కపొద్దు చెడిపోయేదానికి?"

షుగరు మాత్ర వేసుకుని పొద్దున్నుంచీ పస్తు. సహన డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోటి దగ్గర పెట్టింది. సొన్నమ్మ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఇన్ని వారాలు పట్టి ఇప్పుడు చెడగొడతానా? నీ కడుపు పండాల."

నిజం చెప్పడానికి కూడా వ్యవధి లేదు. సహన రెండడుగుల్లో దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి, బెల్లం పటానికి తాకించి తెచ్చింది. "ప్రసాదం అత్తా." వెంటనే సొన్నమ్మ నోరు తెరిచింది. పక్షిపిల్ల తెరిచినట్టు, అంత నమ్మకంగా. కళ్ళు మూసుకుని చప్పరించింది. ఇంకో ముక్క, ఇంకోటి. ఆ తెరిచిన నోటిలోకి చూస్తూ సహన, నేను రెండు నెలలు ఈ మనిషితో అబద్ధమాడాను, ఇప్పుడు మళ్ళీ దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను, ఎందుకు, రెండు వేళ్ళ ఎడం కోసం, అనుకుంది. చెమట ఆరేదాకా అత్త వీపు రాస్తూ కూర్చుంది. మెల్లగా చేతుల వణుకు తగ్గింది.

"బావతో చెప్పొద్దు, గలాటా చేస్తాడు," అంది సొన్నమ్మ. "పిండి అడుగంటుతాది చూడు. వానికి ఒక ముద్ద చెయ్యి చాలు, చిన్నదానికి చిన్నదొకటి."

సహన కట్టె పట్టుకుంది. ఉండలు కట్టినదాన్ని బలమంతా పెట్టి తొలిపింది. తడిచేత్తో ముద్దలు చేసింది. ఒకటి, రెండు, చిన్నది ఒకటి. గిన్నెలో ఉన్నదంతా తీసి ఇంకొకటి, తన గుప్పిళ్ళు రెండూ పట్టేంత.

చేతన్ నున్నగా గీసుకుని, గదవ కింద కాగితం ముక్క అంటించుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. బ్లేడు సంగతి మరిచిపోయినట్టే ఉన్నాడు. చిన్ని కంచాలు లెక్కపెట్టింది. "నాలుగు ఉండాయే! ఈ పొద్దు శనివారం కదా, జేజికీ నీకూ తిండి లేదు కదమ్మా?"

సహన అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది. సొన్నమ్మ తన ముందున్న కంచాన్ని, కోడలి కంచాన్ని మార్చి మార్చి చూసింది.

"అత్తా, మొక్కు లేదు," అంది సహన.

"ఏం మొక్కు లేదు?"

"నేను దేనికీ మొక్కుకోలేదు. రెండో బిడ్డ కోసం కాదు. పెళ్ళి జాకెట్టు పట్టాలని తినకుండా ఉండాను. నువ్వడిగితే ఒక్కపొద్దు అని చెప్పినా. ఇందాక నువ్వు పడిపోతే ప్రసాదమని పెట్టింది కూడా ఉత్త బెల్లమే."

"పడిపోయిందా?" అన్నాడు చేతన్. "అమ్మా, ఎప్పుడు?" తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. అతను భార్య వైపు తిరిగాడు. "నిన్ను తినొద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

"అన్లేదు."

"మరి?"

ఆదివారం మధ్యాహ్నం, ఫోనులో ఆగిన వేలు, భుజం దగ్గర ఆగే చెయ్యి, అన్నీ గొంతు దాకా వచ్చాయి. అత్త ముందు, కూతురి ముందు చెప్పగలిగినది వెతుక్కుంది. "ఏమీ అన్లేదు బావా. ఇప్పుడు బాగుండావని కూడా అన్లేదు."

చేతన్ చూపు కంచంలోకి దిగింది. సొన్నమ్మ కళ్ళు నిండాయి. "నేనిప్పుడు దేవునికేం చెప్పుకోవాలే? ఆడబిడ్డయినా సరే అని కూడా అన్నానే."

"తప్పు నాది, నేను చెప్పుకుంటా. నువ్వు తిను అత్తా. తిని తర్వాత తిట్టు."

సొన్నమ్మ చెయ్యి కంచం మీదికి వెళ్ళేదాకా ఆగి, సహన అందరికీ వినబడేలా చెప్పింది. "ఈ పొద్దు నుంచి నేను పూట పూటకీ మీతో కూర్చొని తింటాను. శుక్రవారం ఫొటోకి నాకు పట్టే జాకెట్టు కుట్టించుకొని వస్తాను. పట్టనిది ఇంక వెయ్యను. నేనిట్లే ఉంటాను బావా, ఇష్టమైతే పక్కన నిలబడు. లేదంటే ప్రసాద్‌కి నువ్వే ఫోను చేసి వద్దని చెప్పు."

చిన్ని తండ్రి ముఖం చూసి, తల్లి ముఖం చూసి, తన చిన్న ముద్ద మీద వేలితో గుంట చేసుకుంది. సహన ముద్ద తుంచి, సారులో ముంచి, నమలకుండా మింగింది. వేడి గుండెల మీదుగా దిగింది. చేతన్ చెయ్యి ఇంకా కంచం అంచునే ఉంది, కదల్లేదు. అది చూసి కూడా సహన రెండో ముక్క తుంచింది.